10.99 గీత దాటితే ఇరుసు మార్చాల్సిందే

అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే పెద్ద సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ. 1951లో వాలీ పార్క్స్ దాన్ని స్థాపించాడు. ఆ సంస్థ నియమావళిలో వెనక ఇరుసు గురించి రాసినచోట ఒక కారు పేరు, అది తయారైన సంవత్సరాలతో సహా, ఉదాహరణగా కనిపిస్తుంది: 1963–82 కార్వెట్. నియమం సారాంశం ఇది. పావు మైలును 10.99 సెకన్లలో గానీ, అంతకన్నా తొందరగా గానీ ముగించే కారుకు వెనక చక్రాలు దేనికదే ఊగే సస్పెన్షన్ ఉండి, ఆ చక్రాలను పైనా కిందా పట్టుకునే కంట్రోల్ ఆర్ములు లేకపోతే, ఆ అమరిక మొత్తం తీసేసి గట్టి అడ్డ ఇరుసు బిగించాలి. 11.00 సెకన్లలో వస్తే ఉన్నదానితోనే పరిగెత్తవచ్చు. సెకనులో నూరో వంతు తేడా ఒక కారు వెనక భాగాన్ని కోసి మళ్లీ కట్టే పనికి దారితీస్తోంది.

ఈ గీత అక్కడే ఎందుకు పడిందో అంకెలతో చూస్తే తెలుస్తుంది. సిరికొండ, ఆర్మూర్ వైపు పసుపు చేలల్లో ట్రాక్టర్ తోలినవాళ్లకు ఇందులో సగం సంగతి అనుభవంలో ఉన్నదే. ఆ సగం దగ్గరికి కాసేపట్లో వద్దాం. ముందు పందెం దూరం.

పావు మైలు అంటే 1,320 అడుగులు, మన కొలతలో 402 మీటర్లు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, దీపం పచ్చగా వెలగగానే తిన్నగా పరుగెడతాయి. మలుపు ఉండదు. అన్నిటికన్నా వేగమైన టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ తరగతుల దూరాన్ని మాత్రం 2008లో 1,000 అడుగులకు కుదించారు. ఆ ఏడాది జూన్‌లో న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో స్కాట్ కలిట్టా చనిపోయిన తర్వాత తీసుకున్న నిర్ణయమది. మనం మాట్లాడుకుంటున్న కార్లు ఇప్పటికీ పూర్తి పావు మైలే పరుగెడతాయి.

పరుగు అయ్యాక చేతికిచ్చే చీటీలో చాలా అంకెలుంటాయి. సస్పెన్షన్ పని చేసేవాళ్ల కళ్లు మొదట వెతికేది 60 అడుగుల దగ్గర పట్టిన సమయాన్ని. అంటే మొదటి 18.3 మీటర్లు. అక్కడ సెకనులో పదో వంతు కలిసొస్తే చివరికి పదిహేను నుంచి ఇరవై నూరో వంతులు కలిసొస్తాయని రేసర్ల లెక్క. మొదట్లో కూడగట్టుకున్న వేగం మిగిలిన దారంతా వెంట వస్తుంది కనుక అది నిజమే. ఆ 18 మీటర్లలో గెలుపును తేల్చేది ఇంజన్ కన్నా ఎక్కువగా టైరు రోడ్డును పట్టే పట్టు. ఆ పట్టును నిర్ణయించేది వెనక చక్రాల మీద ఎంత బరువు, ఎంత త్వరగా, ఎంత సమంగా పడిందన్నది.

బరువు వెనక్కి జరిగే లెక్క

లెక్క కోసం ఒక కారును ముందు పెట్టుకుందాం. 1963 నుంచి 1982 దాకా కార్వెట్ వీల్‌బేస్ మారలేదు: 98 అంగుళాలు, 2.49 మీటర్లు. డ్రైవరుతో కలిపి బరువు 1,500 కిలోలనుకుందాం. గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. 1963లో చిన్న వీ8 ఇంజన్‌తో వచ్చిన కారు బరువు ముందు 47, వెనక 53 శాతంగా ఉండేది. పెద్ద ఇంజన్ పెడితే ముక్కు బరువెక్కుతుంది కాబట్టి సగం సగం వేసుకుందాం. నిలబడి ఉన్నప్పుడు వెనక చక్రాల మీద 750 కిలోలు.

కారు ముందుకు దూకినప్పుడు వెనక్కి జరిగే బరువుకు సూత్రం చాలా చిన్నది. కారు బరువును గురుత్వ కేంద్రం ఎత్తుతో గుణించి, వీల్‌బేస్‌తో భాగించి, త్వరణాన్ని ‘జీ’లలో తీసుకుని దానితో గుణించాలి. ఒక జీ త్వరణానికి 1,500 గుణించు 0.5, భాగించు 2.49. వచ్చేది 301 కిలోలు. వెనక చక్రాల మీద 1,051 కిలోలు, అంటే మొత్తంలో 70 శాతం. ఈ సూత్రంలో స్ప్రింగుల ప్రసక్తి లేదు, షాక్ అబ్జార్బర్ల ప్రసక్తీ లేదు. ఎంత ఖరీదైన సస్పెన్షన్ పెట్టినా, ఎత్తూ పొడవూ త్వరణమూ మారకపోతే జరిగే బరువు మొత్తం మారదు. డ్రాగ్ రేసు గురించి చెప్పుకునే మాటల్లో సగం తప్పులు ఈ ఒక్క విషయం మరచిపోవడం వల్ల పుట్టినవే.

ఇక టైరు. మామూలు రోడ్డు టైరు తనమీద పడిన బరువులో దాదాపు 0.9 వంతు తోపుడును తట్టుకుంటుందనుకుంటే, ఈ కారు 0.55 జీ కన్నా ఎక్కువ త్వరణం పుట్టించలేదు. గీతల్లేని మెత్తటి డ్రాగ్ స్లిక్ టైరుకు అదే అంకె 1.5 అనుకుంటే త్వరణం 1.07 జీ దాకా వెళుతుంది. మొదటి 60 అడుగులకు రోడ్డు టైరుతో 2.6 సెకన్లు, స్లిక్కుతో 1.86 సెకన్లు. ఇంజన్ను ముట్టుకోకుండా ముప్పావు సెకను మిగిలింది.

ఇంజన్ ఏమివ్వగలదో కూడా చూద్దాం. 1967 కార్వెట్‌లో 427 ఘనపు అంగుళాల ఎల్71 ఇంజన్ 435 హార్స్‌పవర్, 460 పౌండ్-అడుగుల టార్క్ ఇస్తుందని కంపెనీ ప్రకటించింది. ఆ టార్క్ 624 న్యూటన్ మీటర్లకు సమానం. దగ్గరి నిష్పత్తుల నాలుగు గేర్ల పెట్టెలో మొదటి గేరు 2.20, వెనక క్రౌన్-పినియన్ 4.11. మూడింటినీ గుణిస్తే చక్రాల దగ్గర 5,642 న్యూటన్ మీటర్లు. టైరు వ్యాసార్థం 33 సెంటీమీటర్లయితే నేలను వెనక్కి తోసే బలం 1,743 కిలోలు. గేర్లలో పోయే నష్టాన్ని పక్కన పెడితే కారుకు 1.16 జీ ఇచ్చేంత సత్తా ఉంది.

రోడ్డు టైరు ఇందులో సగం కూడా వాడుకోలేదు. మిగతాది పొగగా పోతుంది. స్లిక్ టైరు మాత్రం 92 శాతం నేలకు దించగలదు. స్లిక్కులు బిగించిన రోజు నుంచే వెనక సస్పెన్షన్‌కు కష్టకాలం మొదలవుతుంది. అంతకుముందు టైరు జారిపోయి ఇరుసును కాపాడుతూ వచ్చింది. ఇప్పుడు టైరు జారదు కాబట్టి ఆ బలమంతా లోపలి భాగాలే మోయాలి.

మలుపుల కోసం పుట్టిన సస్పెన్షన్

1963లో స్టింగ్ రే పేరుతో వచ్చిన రెండో తరం కార్వెట్ అమెరికా కార్ల తయారీలో పెద్ద ముందడుగు. ఆ ఏడాది 21,513 తయారయ్యాయి. వాటిలో 10,594 కూపేలు, వెనక అద్దం మధ్యలో నిలువు పట్టీతో. ఆ పట్టీ ఆ ఒక్క ఏడాదికే పరిమితం. దాని వెనక సస్పెన్షన్‌కు మూలపురుషుడు జోరా ఆర్కస్-డంటోవ్. ఆయన ధ్యాసంతా మలుపుల రేసుల మీదే ఉండేది. గతుకుల మలుపులో ఒక చక్రం ఎగిరితే రెండోదాన్ని కదిలించకూడదన్నది ఆయన లక్ష్యం. ఆ లక్ష్యాన్ని ఆయన బాగానే సాధించాడు. ఆ అమరికను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. దాన్ని తయారుచేసిన పని వేరు, ఇప్పుడు మనం దాని చేత చేయించాలనుకుంటున్న పని వేరు.

అమరిక ఇలా ఉంటుంది. డిఫరెన్షియల్ గుండు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, ఊగదు. దానికి అటూ ఇటూ ఒక్కో హాఫ్ షాఫ్ట్ బయలుదేరి, రెండు చివర్లా యూ-జాయింట్లతో చక్రాన్ని తిప్పుతుంది. కింద ఒక స్ట్రట్ రాడ్. ముందు నుంచి ఒక పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్ వచ్చి చక్రాన్ని ముందువెనకలకు జరగకుండా పట్టుకుంటుంది. బరువు మోసేది అడ్డంగా పడుకున్న ఒకే ఒక్క కమాను కట్ట, మొదట్లో తొమ్మిది పట్టాలతో. 1981లో ఆటోమేటిక్ గేరు కార్లకు ఆ ఉక్కు కట్ట స్థానంలో ఒంటి ఫైబర్‌గ్లాస్ పట్టా వచ్చి, 30 పౌండ్లకు పైగా బరువు తగ్గింది.

ఇందులో చక్రాన్ని పైభాగాన పట్టుకునే చెయ్యి ఏదని వెతికితే విడిగా కనిపించదు. చక్రాన్ని తిప్పే హాఫ్ షాఫ్టే ఆ చెయ్యి కూడా. తిప్పడం, పట్టుకోవడం రెండూ ఒకే కడ్డీ పని. 1961 జాగ్వార్ ఈ-టైప్‌దీ ఇదే పద్ధతి. తక్కువ భాగాలతో తేలికగా పనిచేసే తెలివైన ఏర్పాటిది. కానీ స్లిక్ టైరు పట్టు చివరి అంచుదాకా వాడితే ఒక్కో హాఫ్ షాఫ్టు మీద 2,600 న్యూటన్ మీటర్ల మెలిక పడుతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలితే తిరుగుతున్న ఫ్లైవీల్ దెబ్బ దానికి అదనం. అక్కడ ఒక యూ-జాయింట్ విరిగితే శక్తి ఆగిపోవడంతో కథ ముగియదు. చక్రాన్ని నిలువుగా నిలబెట్టే చెయ్యే పోయినట్టు. గంటకు 190 కిలోమీటర్ల మీద ఒక వెనక చక్రం పక్కకు ఒరిగిపోతే కారులో ఉన్నవాడికి చేయగలిగింది ఏమీ ఉండదు. నియమావళి 10.99 దగ్గర గీత గీసింది ఇందుకే. 1997లో వచ్చిన అయిదో తరం కార్వెట్‌కు పైనా కిందా వేర్వేరు ఆర్ములున్నాయి, షాఫ్టు తిప్పడం వరకే చూసుకుంటుంది. అందుకే ఆ కారును ఈ నియమం ఇరుసు మార్చమని అడగదు.

విరగకపోయినా మరో ఇబ్బంది ఉంది. 1.07 జీ దగ్గర వెనక్కి జరిగేది 323 కిలోలు, ఒక్కో చక్రానికి 161. చక్రం దగ్గర స్ప్రింగు ఒక సెంటీమీటరు కుంగడానికి 25 కిలోలు పడుతుందనుకుంటే, అడ్డుకునే కోణం ఏదీ లేనప్పుడు కారు వెనక 6 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. ఈ అమరికలో వెనక దిగిన కొద్దీ చక్రాల తలలు లోపలికి వాలతాయి. మలుపులో అదే వాలు మేలు చేస్తుంది. తిన్నటి దారిలో మాత్రం నష్టమే. 10 అంగుళాల వెడల్పు స్లిక్ టైరు 3 డిగ్రీలు వాలితే దాని బయటి అంచు నేల నుంచి 13 మిల్లీమీటర్లు లేవాలి. మెత్తటి టైరు కాస్త నలిగి సర్దుకుంటుంది గానీ బరువంతా లోపలి అంచు మీదే పడుతుంది. డబ్బు పోసి కొన్న వెడల్పులో కొంత గాలిలోనే ఉండిపోతుంది.

నాలుగు కడ్డీల లెక్క

అడ్డ ఇరుసు అనగానే రేసర్లు ఎక్కువగా వెళ్లేది ఫోర్డ్ 9 అంగుళాల హౌసింగుకు. 1957లో వచ్చింది, దాని పళ్లచక్రం వ్యాసమే ఆ పేరు. క్రౌన్-పినియన్ ఉన్న ముద్ద మొత్తం ముందు వైపు నుంచి ఊడి వస్తుంది కాబట్టి గేరు నిష్పత్తి మార్చడం సులువు. యాక్సిల్ షాఫ్టులను హౌసింగ్ చివర ప్లేటుతో పట్టి ఉంచుతారు, షాఫ్టు విరిగినా చక్రం బయటికి జారిపోదు. ఇంకా బలం కావాలంటే డానా 60 ఉంది, 9.75 అంగుళాల పళ్లచక్రంతో, బరువు కూడా అదే లెక్కన పెరుగుతుంది.

ఇరుసు దొరకడం తేలిక. దాన్ని ఛాసిస్‌కు దేనితో, ఏ కోణంలో కలపాలన్నది అసలు పని. మామూలు దారులు రెండు. లాడర్ బార్ అంటే ఇరుసు నుంచి ముందుకు వచ్చే రెండు త్రికోణపు చట్రాలు, పొడవు సాధారణంగా 32 అంగుళాలు, ఒక్కోటి ముందు ఒకే మేకు మీద ఊగుతుంది. ఫోర్-లింక్ అంటే పక్కకు రెండు చొప్పున నాలుగు కడ్డీలు, ప్రతిదాని చివరా ఎత్తు మార్చుకునే రంధ్రాలు. మొదటిది బిగించి మరచిపోవచ్చు. రెండోది ఓపికను అడుగుతుంది, ఓపిక ఉన్నవాళ్లకు ఫలితం ఇస్తుంది.

ఫోర్-లింక్ మీద పడే బలం వింటే కొత్తవాళ్లు నమ్మరు. చక్రం ముందుకు తిరుగుతుంటే హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది, పినియన్ ముక్కు పైకి లేస్తుంది. దాన్ని ఆపేవి కడ్డీలే. కింది కడ్డీలు నేల నుంచి 23 సెంటీమీటర్ల ఎత్తులో, పైవి 48 సెంటీమీటర్ల ఎత్తులో ఇరుసుకు తగులుతున్నాయనుకుందాం. స్లిక్ టైరుతో నేల దగ్గర తోపుడు 1,610 కిలోలు. పై కడ్డీ చుట్టూ లెక్క వేస్తే కింది రెండు కడ్డీల మీద 3,091 కిలోల నొక్కుడు, పై రెండింటి మీద 1,481 కిలోల లాగుడు. పక్కకొక్కటి చొప్పున చూస్తే ఒక్క కింది కడ్డీ 1,546 కిలోలు మోస్తోంది. కారు మొత్తం బరువు కన్నా అదే ఎక్కువ. సన్నటి గొట్టాలు, చవక బోల్టులు, ఫ్రేముకు అంటీ అంటనట్టు వెల్డింగ్ చేసిన చెవులు ఇక్కడ నిలవవు. డబ్బు తక్కువుంటే ఇంజన్ దగ్గర తగ్గించుకోండి, ఈ చెవుల దగ్గర వద్దు.

పసుపు చేలో ఉన్న సగం సంగతి దగ్గరికి వద్దాం. ట్రాక్టర్ వెనక ఇరుసుకు స్ప్రింగులుండవు, గట్టిగా బిగించి ఉంటుంది. బరువైన మొద్దును లాగడానికి గొలుసును ఇరుసు కన్నా ఎత్తులో కడితే ముందు చక్రాలు లేస్తాయి, బండి వెనక్కి తిరగబడుతుంది. ఆ ప్రమాదం ఏమిటో తోలేవాళ్లకు తెలుసు. కానీ అదే ట్రాక్టర్ కల్టివేటర్ దించి, బోదెల మధ్య గట్టి నేలను చీలుస్తూ పోతున్నా ముక్కు లేవదు. కారణం వెనకున్న మూడు చేతులు: కింద రెండు, పైన టాప్ లింక్ ఒకటి. ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన అది. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ మీద పెద్ద ఎత్తున జనంలోకి వచ్చింది. చెన్నైలో 1960లో మొదలైన టాఫే ఆయన పేరున్న మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లనే మన పొలాలకు తెచ్చింది. కింది చేతుల గీతనూ టాప్ లింక్ గీతనూ ముందుకు పొడిగిస్తే అవి ట్రాక్టర్ పొట్ట కింద, ముందు వైపున ఒకచోట కలుస్తాయి. అక్కడ మేకు లేదు, కొక్కెం లేదు, ఇనుమే లేదు. అయినా పనిముట్టు ఆ చోటు నుంచే బండిని లాగుతున్నట్టు ప్రవర్తిస్తుంది. ఆ చోటు కిందికి, ముందుకి ఉండడం వల్ల ముక్కు నేల మీద నిలుస్తుంది.

ఫోర్-లింక్ కడ్డీలకూ ఇదే రేఖాగణితం. కింది కడ్డీ గీత, పై కడ్డీ గీత ముందుకు వెళ్లి కలిసే చోటును రేసర్లు ఇన్‌స్టంట్ సెంటర్ అంటారు. ఇరుసు కారును ఆ చోట పట్టుకుని ఎత్తుతున్నట్టు ఉంటుంది. మన కారులో ఆ చోటు ఇరుసుకు 1.2 మీటర్ల ముందు రావాలనుకుందాం. ఎంత ఎత్తులో ఉండాలి? గురుత్వ కేంద్రం ఎత్తును వీల్‌బేస్‌తో భాగిస్తే 0.2 వచ్చింది. దాన్ని 1.2 మీటర్లతో గుణిస్తే 24 సెంటీమీటర్లు. కింది కడ్డీని దాదాపు మట్టసంగా పెట్టి, పై కడ్డీని ముందుకు 11 డిగ్రీలు వంచితే గీతలు సరిగ్గా అక్కడే కలుస్తాయి. ఆ వంపు వల్ల పై కడ్డీలు ఛాసిస్‌ను 295 కిలోల బలంతో పైకి ఎత్తుతాయి, కింది కడ్డీల వాటా 28 కిలోలు. మొత్తం 323. ఈ అంకె ఇంతకుముందే వచ్చింది. వెనక్కి జరిగిన బరువూ అంతే. అంటే ఆ బరువంతా కడ్డీల మీదుగానే టైరుకు చేరిపోయింది, స్ప్రింగులకు మోయడానికి కొత్తగా ఏమీ మిగల్లేదు. కారు వెనక కుంగదు, లేవదు. దీన్నే నూరు శాతం యాంటీ-స్క్వాట్ అంటారు.

అదే చోటును 36 సెంటీమీటర్ల ఎత్తుకు తెస్తే 150 శాతం. కారు వెనక భాగం పైకి లేస్తుంది, దాన్ని లేపే బలం టైరును నేలకేసి నొక్కుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. దీనివల్ల టైరు మీద పడే బరువు శాశ్వతంగా పెరగదు, వెనక్కి జరిగేది 323 కిలోలు దాటదు. లేవడం జరుగుతున్న ఆ కొద్ది క్షణంలోనే అదనపు నొక్కుడు ఉంటుంది. లేవడం ఆగగానే అది పోతుంది. షాక్ అబ్జార్బర్లు ఆ లేవడాన్ని మెల్లగా సాగనివ్వకపోతే టైరు మొదట గట్టిగా పట్టి, మరుక్షణం వదిలేస్తుంది. రేసర్లు 100 శాతానికి పైనే పెట్టుకోవడం మామూలు. ఎంత పైన అన్నది ఆ ట్రాకు జిగురును బట్టి, క్లచ్చా ఆటోమేటిక్కా అన్నదాన్ని బట్టి మారుతుంది. రంధ్రం మార్చిన ప్రతిసారీ 60 అడుగుల సమయం చూడాలి. కడ్డీని ఒక రంధ్రం పైకి మార్చాక ఆ సమయం తగ్గకపోతే, ఎవరేం చెప్పినా వెనక్కి మార్చేయాలి.

అడ్డ ఇరుసు తెచ్చే కొత్త బాధ కూడా చెప్పాలి. డంటోవ్ అమరికలో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు మెలిక ఇంజన్‌కూ డిఫరెన్షియల్‌కూ మధ్య ఛాసిస్‌లోనే సరిపోతుంది. అడ్డ ఇరుసు అలా కాదు. స్లిక్ పట్టు చివరి అంచున మన కారులో ప్రొపెల్లర్ షాఫ్టు మెలిక 1,268 న్యూటన్ మీటర్లు. వెనక చక్రాల మధ్య దూరం 57 అంగుళాలు, 1.45 మీటర్లు. భాగిస్తే కుడి టైరు మీద 89 కిలోలు తగ్గి, ఎడమ టైరు మీద 89 పెరుగుతాయి. ఛాసిస్ ఎదురు మెలికతో ఇందులో కొంత తిరిగి వస్తుంది గానీ మొత్తం రాదు. చూసుకోకపోతే కారు పక్కకు లాగుతుంది. వెనక బలమైన యాంటీ-రోల్ బార్ పెట్టి, లేదా ఒక పై కడ్డీ పొడవును మర కొద్దిగా తిప్పి మార్చి, కుడి టైరు మీద ముందే కొంత బరువు పెడతారు. ఈ ఒక్క విషయంలో పాత అమరికే మేలు. అది వదులుకుంటున్నామని తెలిసి వదులుకోవాలి.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

10.99 చేరాలంటే ఎంత ఇంజన్ కావాలి? రేసర్లలో చాలాకాలంగా నలిగిన సూత్రం ఒకటుంది. పౌండ్లలో బరువును హార్స్‌పవర్‌తో భాగించి, దాని ఘనమూలాన్ని 5.825తో గుణిస్తే పావు మైలు సమయం వస్తుంది. 1,500 కిలోలంటే 3,307 పౌండ్లు. 10.99కి కావలసింది దాదాపు 492 హార్స్‌పవర్. 435 హార్స్‌పవర్‌తో అదే సూత్రం 11.45 సెకన్లు చూపిస్తుంది. అయితే 1967 నాటి ఆ 435 ఇంజన్ను విడిగా బల్ల మీద పెట్టి, సైలెన్సర్, పంపులు లేకుండా కొలిచిన గ్రాస్ అంకె. చక్రాల దాకా వచ్చేది అంతకన్నా తక్కువే. కాబట్టి ఆ ఇంజన్‌తో నడిచే కార్వెట్‌కు ఇరుసు కోసే అవసరం రాదు. బలమైన హాఫ్ షాఫ్టులు, పెద్ద యూ-జాయింట్లు, షాఫ్టు విరిగినా కిందపడకుండా ఆపే ఉక్కు వలయాలు, కుంగుడు తగ్గించే షాకులు వేసుకుంటే చాలు. స్లిక్కులతో 13.99 లేదా అంతకన్నా తొందరగా పరుగెత్తే కారుకు ప్రొపెల్లర్ షాఫ్టు ముందు జాయింటు దగ్గర వలయం ఎలాగూ తప్పనిసరి. పాత కార్లకు 11.49 నుంచి రోల్ బార్ కూడా ఉండాలి.

ఈ పందాలు మన జనానికి మరీ దూరం కూడా కాదు. నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి దశాబ్దాలుగా మనవాళ్లు పనికి వెళ్తున్న గల్ఫ్ దేశాల్లో డ్రాగ్ రేసంటే పిచ్చి. 2004లో మొదలైన బహ్రెయిన్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో డ్రాగ్ స్ట్రిప్ ఉంది. దోహాలో ఖతార్ రేసింగ్ క్లబ్ ఉంది. ఖతార్ రాజకుటుంబానికి చెందిన షేక్ ఖాలిద్ బిన్ హమద్ అల్ థానీ నడిపిన అల్-అనాబీ జట్టు అమెరికా గడ్డ మీదే 2010లో లారీ డిక్సన్‌తో, 2013లో షాన్ లాంగ్డన్‌తో టాప్ ఫ్యూయల్ ఛాంపియన్‌షిప్పులు గెలిచింది. అక్కడి గ్యారేజీల్లో చెయ్యి తిరిగిన మెకానిక్కులు తిరిగి వచ్చాక ఇక్కడి లేత్ మెషీన్ల మీద చేయలేని పనేమీ కాదు ఫోర్-లింక్.

అయితే మన చట్టం చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు 20,000 రూపాయలు కట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. కానీ ఛాసిస్‌నో బాడీనో ఇంజన్‌నో మార్చి ఉండకూడదు. ఫ్రేము కోసి ఫోర్-లింక్ చెవులు వెల్డింగ్ చేసిన రోజున ఆ హక్కు పోతుంది. అలాంటి కారు ట్రైలర్ మీద ఎక్కి ట్రాకుకు వెళ్లాలి, ట్రైలర్ మీదే ఇంటికి రావాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట పందెం వేసుకుందామనుకునే కుర్రాళ్లకు 189వ సెక్షన్ ఉంది: మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా, 10,000 దాకా. ఆ దారిలో ఎదురుగా వచ్చేది పసుపు బస్తాల ట్రాలీ కావచ్చు. శిక్ష పెద్దదా చిన్నదా అన్నది తర్వాతి మాట.

ఏ కారును కోయవచ్చు అన్న ప్రశ్నకు కూడా అంకెలే జవాబు చెబుతాయి. 1967లో ఎల్88 ఇంజన్‌తో వచ్చిన కార్వెట్లు మొత్తం 20. అలాంటివాటి మీద, నిలువు పట్టీ అద్దమున్న 1963 కూపేల మీద గ్యాస్ కట్టర్ పెట్టడం నా దృష్టిలో నేరం. 1979లో మాత్రం 53,807 కార్వెట్లు తయారయ్యాయి, కార్వెట్ చరిత్రలో అంత పెద్ద సంఖ్య ఇంకే ఏడాదీ లేదు. వాటిలో మామూలు ఇంజన్ 195 హార్స్‌పవర్‌దే. ఇంజన్ ఎలాగూ మార్చాల్సిన, ఫ్రేము అక్కడక్కడా తుప్పు పట్టిన ఆ కాలపు కారే ఈ పనికి తగినది. వీల్‌బేస్ అదే 98 అంగుళాలు, ట్రెయిలింగ్ ఆర్ములు ఫ్రేములోకి దూరే చోటూ అదే, లెక్కలన్నీ అవే. విప్పిన డిఫరెన్షియల్, స్ట్రట్ రాడ్లు, హాఫ్ షాఫ్టులు, అడ్డ కమాను కట్ట పాత ఇనుము కింద తూకానికి వేయకుండా నూనె పూసి దాచాలి. 1963 కారును కంపెనీ రూపంలోనే నిలబెట్టుకోవాలనుకుంటున్న మరో యజమానికి వాటితో పని పడవచ్చు.